ఏమో అనకూడని బల్ల

ఆ కుట్టు షెడ్డులో కాజాల అక్కని తెలియని మనిషి లేదు. అసలు పేరు హాజరు పట్టీలో ఉంటుంది, అంతే. ముప్ఫై రెండేళ్ళలో ఆ పేరుతో పిలవాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. ఆసుపత్రి నర్సుల కోట్లు గాని, బస్సు కండక్టర్ల చొక్కాలు గాని, ఏవి కుట్టినా చివరికి ఆమె కూర్చునే బల్ల మీదికి రావలసిందే. మిషన్లు చెయ్యగలిగినంత చేసి వదిలేశాక మిగిలేది చేతిపని. కాజాలు కోసి చుట్టాలి, గుండీలు వెయ్యాలి, అంచులు మడిచి కుట్టు కనపడకుండా కుట్టాలి. ఆమె చుట్టిన కాజాలో గుండీ దూరిందంటే మనిషి తియ్యాలి గాని దానంతట అది ఊడదు. ఈ సంగతి ఆమె చెప్పుకోదు, నేను చెబుతున్నాను. ఆమె గొప్పగా చెప్పుకునేదంతా ఆ బల్ల గురించే.

బల్ల వరండాలో ఉండేది, వీధి వైపు. లోపల చీకటి, పైగా మిషన్ల రొద. చేతిపనికి వెలుతురు లేనిదే కళ్ళు పోతాయి కాబట్టి బల్లని బయట వేశారు. దాని చుట్టూ పన్నెండు మంది ఆడవాళ్ళు. రోజూ పని మొదలవగానే ఒక గంట సేపు అక్కడ పేపరు చదువుతారు. చదివే మనిషి సూది పట్టదు. ఆమె వంతు చొక్కాలు పదకొండింటిని మిగతా పదకొండు మందీ తలా ఒకటి పంచుకుంటారు. చదివేది కూడా ఒక పేపరు కాదు, రెండు. ఒకటి ప్రభుత్వాన్ని పొద్దున లేచింది మొదలు నెత్తిన పెట్టుకొని ఊరేగించేది, రెండోది అదే ప్రభుత్వం మీద దుమ్మెత్తిపోసేది. ఇందులోని అబద్ధం అందులో తెలుస్తుందని ఆ ఏర్పాటు.

చదివినంత సేపూ ఎవరూ నోరు మెదపకూడదు. చదవడం అయ్యాక ప్రతి ఒక్కరూ తన మాట చెప్పి తీరాలి. అర్థం కాకపోతే మళ్ళీ చదివించుకోవచ్చు, తిట్టదలుచుకుంటే తిట్టనూ వచ్చు. 'ఏమో' అని మాత్రం అనకూడదు. అన్నవాళ్ళు ఆ సాయంత్రం వరండాలో పడిన దారపు ముక్కలన్నీ ఊడ్చాలి. పన్నెండు మంది రోజంతా కుట్టిన దారపు ముక్కలంటే మాటలా! చీపురుకి చిక్కవు, చేతికి దొరకవు, చీర కుచ్చిళ్ళకి మాత్రం అంటుకొని ఇంటిదాకా వస్తాయి.

ఈ రూలు పెట్టినావిడని అందరూ కళ్ళద్దాల అత్త అనేవారు. కాజాల అక్క షెడ్డులో చేరేనాటికి ఆవిడే బల్లకి పెద్ద. మనిషి ముక్కుసూటి, నవ్వడం తక్కువ. మాట్లాడే వరస చిన్నవాళ్ళ నుంచి మొదలవ్వాలని కూడా ఆవిడే పెట్టింది. పెద్దవాళ్ళు ముందు నోరు విప్పితే చిన్నవాళ్ళకి చెప్పడానికి ఏమీ మిగలదని ఆవిడ లెక్క. తను అందరికంటే చివర మాట్లాడేది. అప్పటికి టీ వచ్చేది, ఆవిడ మాట టీలో కలిసిపోయేది. ఆవిడకి కావలసిందీ అదే.

కాజాల అక్క అక్కడ చేరిన కొత్తలో ఎలా ఉండేదో చెబితే ఇప్పటివాళ్ళు నమ్మరు. నోట్లో నాలుక లేని మనిషి. అందులో ఆమె తప్పేమీ లేదు, పెరిగిన ఇల్లు అలాంటిది. పుట్టింట్లో అయిదు ఓట్లు, అయిదూ నాన్నవే. నాన్న గిడ్డంగిలో గుమాస్తా. గిడ్డంగి యజమాని ఎటంటే నాన్న అటు, నాన్న ఎటంటే ఇల్లంతా అటు. ఓట్ల రోజు పొద్దున్నే అందరికీ తలకి నూనె రాసి, ఉతికిన బట్టలు వేయించి వరసగా నడిపించుకు వెళ్ళేవాడు. తిరిగి వచ్చాక యజమాని దగ్గరికి వెళ్ళి అయిదూ పడ్డాయండీ అని చెప్పి వచ్చేవాడు. ఇందులో కొట్టడం, తిట్టడం ఏమీ లేవు. నాన్న ఎంతో మంచి మనిషి. అసలు ఇంకోలా వెయ్యవచ్చన్న ఊహే ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, అంతే.

పెళ్ళయ్యాక గుర్తు మారింది, పద్ధతి మారలేదు. మొగుడు బస్సు డిపోలో మెకానిక్కు. డిపోలో యూనియన్ సెక్రటరీ ఏమంటే అదే వేదం. అత్తవారి వీధిలో అన్నీ డిపో వాళ్ళ ఇళ్ళే కాబట్టి వీధి మొత్తానికి ఒకటే అభిప్రాయం, ఒకటే కోపం, ఒకటే జోకు. కొత్తకోడలు కూడా ఆ జోకుకే నవ్వింది.

అలాంటి మనిషి బల్ల దగ్గర వంతు వచ్చేసరికి ఏం చెబుతుంది? మొదటి రోజు 'మా నాన్నగారైతే ఇలా అనేవారు' అంది. కళ్ళద్దాల అత్త తలెత్తకుండానే అది ఏమో కిందే లెక్క అంది. మర్నాడు 'మా ఆయన ఏమంటారంటే' అని మొదలుపెట్టింది. అదీ ఏమోనే. అలా నాలుగు నెలలు ఊడ్చింది పాపం. ఇంటికి వెళితే చీర నిండా దారపు ముక్కలు. నువ్వు కాజాలు కుట్టడానికి వెళ్తున్నావా, ఊడవడానికి వెళ్తున్నావా అని మొగుడు వేళాకోళం చేసేవాడు. ఆమెకి ఉక్రోషం వచ్చేది. పన్నెండు మందిలో తనకొక్కదానికే సొంత మాట లేదన్న సంగతి తలకొట్టేసినట్టు ఉండేది.

అయిదో నెలలో ఒక రోజు పొగిడే పేపర్లో గిడ్డంగి యజమాని ఫోటో వచ్చింది. కొత్త బడి కట్టడానికి ఆయన స్థలం దానం ఇచ్చాడట. తిట్టే పేపరు కూడా ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకుంది. రెండు పేపర్లూ ఒకే మాట అన్న రోజు అదొక్కటే కాబట్టి బల్ల చుట్టూ అందరికీ సంతోషం. అందరికంటే చిన్నది కాబట్టి మొదటి వంతు ఈమెది. సూది గుడ్డలో గుచ్చి ఆపేసింది. ఆ స్థలం గిడ్డంగి వెనకాల ఉంటుంది. చిన్నప్పుడు నాన్నకి అన్నం తీసుకువెళ్ళేటప్పుడు ఆమె దాని గట్టు మీంచే నడిచేది.

"ఆ స్థలంలో వాన పడితే మోకాళ్ళ లోతు నీళ్ళు నిలుస్తాయి. నాలుగు రోజులైనా ఇంకవు. అక్కడ పిల్లలు కూచోలేరు," అంది. అనేసి తనే భయపడింది.

కళ్ళద్దాల అత్త కళ్ళద్దాలు తీసి ఒడిలో పెట్టుకుంది.

"ఇది రెండు పేపర్లలోనూ లేదు. నీ ఒక్కదాని దగ్గరే ఉంది. నువ్వు చెప్పకపోతే మాకెలా తెలుస్తుందమ్మా?"

తర్వాత మొదటి వాన పడ్డ రోజు మధ్యాహ్నం అన్నాల వేళలో పన్నెండు మందీ గొడుగులు వేసుకొని అక్కడికి వెళ్ళారు. కత్తిరింపు మాస్టరు దగ్గర గజం బద్ద అడిగి తీసుకున్నారు. మీది కుట్టు షెడ్డా, అసెంబ్లీయా అని ఆయన సణిగాడు గాని బద్ద ఇచ్చాడు. నీళ్ళలో నిలబెడితే సగం పైగా మునిగింది. ఆ తడి బద్దనే పట్టుకొని కౌన్సిలు ఆఫీసు మెట్లెక్కారు. పని ఒక్కరోజులో అయిపోలేదు, ఏడుసార్లు తిరిగారు. చివరికి ఇంజనీరు స్వయంగా వచ్చి చూసి, బడిని అవతలి మెరక మీదికి మార్చారు. ఇప్పటికీ ఆ బడి అక్కడే ఉంది, ఎంత వాన పడ్డా పిల్లల కాళ్ళు తడవవు.

నాన్న మాత్రం రెండేళ్ళు ఆమెతో మాట్లాడలేదు. యజమాని దగ్గర ఆయన ఎన్ని మాటలు పడ్డాడో ఎవరికీ చెప్పలేదు. మనవడిని ఆ బడిలో వేసిన రోజు వచ్చాడు. పొడిగా ఉన్న బడి ఆవరణలో కాసేపు నిలబడి, కూతురి మొహం చూడకుండా ఒక మాట అన్నాడు.

"ఆ స్థలం ఎంత లోతో నాకూ తెలుసమ్మా. గిడ్డంగిలో అందరికీ తెలుసు."

ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగిపోయింది. అందరికీ తెలుసు, ఒక్కరూ చెప్పలేదు. తను మటుకు అలాంటి చోట ఎన్నడూ కూర్చోనని ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

ఏళ్ళు గడిచాయి. కళ్ళద్దాల అత్త చూపు తగ్గి పని మానేసింది. వెళ్ళేటప్పుడు తన పీట మీద కాజాల అక్కనే కూర్చోబెట్టి వెళ్ళింది. కొత్తవాళ్ళు వచ్చారు, ఒక్కొక్కరికీ కాజా చుట్టడం ఈమే నేర్పింది. పేపరు చదవడానికి మంచి గొంతున్న మనిషి దొరికింది, ఆమెని రేడియో అని పిలుస్తారు. కొళాయిల గొడవలో గాని, వీధి దీపాల గొడవలో గాని, ఎక్కడ నోరు విప్పాల్సి వచ్చినా బల్ల ముందుండేది. వార్డు మెంబరుగా ఎవరు గెలిచినా మర్నాడు ఆ వరండా ముందు నుంచి నడిచేటప్పుడు కొంచెం నెమ్మదిగా నడిచేవాడు. కాజాల అక్కకి గర్వం ఉండేదంటే ఉండదా మరి! అయిదు ఓట్ల ఇంట్లో ఒక ఓటుగా పుట్టిన మనిషి కదా.

అయితే మధ్యలో ఎక్కడో ఒక చిన్న మార్పు జరిగింది. ఎప్పుడు జరిగిందో ఎవరికీ గుర్తు లేదు. ఎవరో ఒకరు మర్యాదకి 'అక్కా, ముందు నువ్వు చెప్పు' అన్నారు. ఆమె చెప్పింది. మర్నాడు కూడా అలాగే అడిగారు. అది ప్రేమే, అనుమానం లేదు. పని నేర్పిన మనిషి మీద ఆ మాత్రం గౌరవం ఉండదా? అలా వరస తిరగబడింది. పెద్దది ముందు మాట్లాడితే మిగతావాళ్ళు 'అక్క అన్నదే' అనసాగారు. కాజాల అక్కకి అది వినసొంపుగానే ఉండేది. పన్నెండు మందికీ ఒకే మాట ఉందంటే బల్ల గట్టిగా ఉందనుకుంది.

ఇంతలో కొడుక్కి పెళ్ళయింది. కొడుకు కూడా డిపోలోనే. కోడలు ఈ షెడ్డు పక్క నుంచి పోయే వెనక సందులో పుట్టి పెరిగిన పిల్ల. మందుల కంపెనీలో పెట్టెలు సర్దే పని చేసేది. ఆ కంపెనీ ఊరవతలికి వెళ్ళిపోవడంతో అత్తగారు తనతో పాటు బల్ల దగ్గరికి తీసుకువచ్చింది. అందరూ కొత్తమ్మాయి అని పిలవసాగారు. చెయ్యి చురుకు, మాట తక్కువ. మూడు నెలలు తల వంచుకొని కుట్టింది. సాయంత్రం కాగానే తనే చీపురు తీసుకునేది, కొత్తది కాబట్టి. ఎవరూ వద్దనలేదు.

అప్పుడు వచ్చింది ఆ నోటీసు. వెనక సందు మరీ ఇరుకుగా ఉందని కౌన్సిలు దాన్ని వెడల్పు చేస్తుందట. సందు మొగలోనే షెడ్డు వరండా ఉంది కాబట్టి వరండా మొత్తం కూలగొడతారట. ఎనిమిది రోజుల్లో వార్డు సమావేశం. జనం చేతులెత్తి ఎటంటే అటు ఇంజనీరు రాసుకుపోతాడు.

రేడియో ఆ నోటీసుని రెండుసార్లు చదివింది. వరండా పోతే బల్ల చీకట్లోకి, మిషన్ల రొదలోకి వెళ్ళాలి. అక్కడ పేపరు చదివితే పక్కమనిషికి కూడా వినపడదు. అంటే చదువు పోయినట్టే, మాట పోయినట్టే. కాజాల అక్క అగ్గిమీద గుగ్గిలం అయింది. బడిని మెరక ఎక్కించిన బల్లని ఇవాళ ఒక్క కాగితం ముక్కతో ఊడబెరుకుతారా అంది. సమావేశానికి అందరం వెళ్దాం, నేను మాట్లాడతాను, పన్నెండు చేతులూ ఒక్కసారి లేవాలి అంది. వరస మొదలైంది. రేడియో అక్క అన్నదే అంది. గుండీలు వేసే ఆమె అక్క అన్నదే అంది. అలా పదిమందీ అయ్యాక కొత్తమ్మాయి దగ్గరికి వచ్చి ఆగింది.

"నేను ఆ మాట అనలేను అత్తయ్యా."

కాజాల అక్క గతుక్కుమంది. పక్కనున్నామె మెల్లగా, మీ అత్తగారమ్మా అని గుర్తు చేసింది, అక్కడికేదో ఆ పిల్ల మరిచిపోయినట్టు.

"రెండేళ్ళ కిందట వానల్లో ఈ వరండా ముందు నుంచి ఒక మంచం మోసుకెళ్ళారు. మా అమ్మది. పక్షవాతం వచ్చింది. అంబులెన్సు సందులోకి రాలేదు. మలుపు దగ్గర మంచం తిరగలేదు. అమ్మని గుడ్డతో మంచానికి కట్టి, మంచాన్ని పక్కకి వంచి తీసుకొచ్చారు. గంట పట్టింది. గంట ముందు వస్తే కుడిచెయ్యి దక్కేదన్నారు డాక్టరు." తల ఎత్తింది. "నేను మంచం పక్కనే నడుస్తున్నాను. మీరందరూ తలెత్తి చూశారు. అత్తయ్య కూడా చూశారు."

ఆ పిల్ల అక్కడితో ఆపలేదు.

"ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఏమో అన్నవాళ్ళు ఊడవాలి అని మీరే చెప్పారు. నేను వచ్చి మూడు నెలలైంది. ఇక్కడ అందరూ అక్క అన్నదే అంటారు. మరి రోజూ నేనొక్కదాన్నే ఎందుకు ఊడుస్తున్నాను?"

కుండబద్దలు కొట్టినట్టు అడిగేసింది. కాజాల అక్క చేతిలో కాజా పాడైంది. ముప్ఫై రెండేళ్ళలో ఆమె పాడుచేసిన కాజాలు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. దారం తెంపి, చొక్కా పక్కన పెట్టి, ఇంకో చొక్కా తీసుకుంది.

రెండు రోజులు ఇంట్లో గోడలకి కూడా ఊపిరాడలేదు. అత్తగారు కోడలితో అవసరమైనంత మేరకే మాట్లాడింది. స్టవ్వు ఆపు, తలుపు వెయ్యి, అంతే. కొడుకు ఎటు మాట్లాడితే ఎటు తగులుతుందో తెలియక అన్నం తిని లేచిపోయేవాడు, డిపోలో లేని పని కూడా కల్పించుకున్నాడు. కాజాల అక్క కోపమంతా ఒకటే. బల్ల మీదికి తీసుకువచ్చింది తను, కాజా నేర్పింది తను, అందరి ముందు తన గాలి తీసేస్తుందా! మూడో రోజు పొద్దున మొగుడితో గోడు వెళ్ళబోసుకుంది. ఆయన షూ లేసులు కట్టుకుంటూ అంతా విన్నాడు.

"మా డిపోలో సెక్రటరీ మాట్లాడతాడు, మేం చప్పట్లు కొడతాం. అక్కడికి అయిపోయింది. మాకు నీ బల్ల లాంటిది లేదు కాబట్టి ఏ బాధా లేదు. నీకుంది. పడు మరి," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆయనకి వెటకారం ఎక్కువే గాని ఆ మాట సూటిగా తగిలింది. ఆమె కుర్చీలో అలాగే కూర్చుండిపోయింది. ఆ మంచం గుర్తుకొచ్చింది. నిజమే, తలెత్తి చూసింది. పాపం ఎవరో అనుకుంది. అందరూ పాపం అన్నారు, అందరూ మళ్ళీ కాజాల మీదికి తలలు వంచారు. ఆ సందు ఇరుకని తెలియక కాదు. రోజూ ఎదురుగా కనపడే సందు. నాన్న మాట చెవుల్లో గింగురుమంది. గిడ్డంగిలో అందరికీ తెలుసు. ఆయన గిడ్డంగి నీడలో కూర్చుని చూశాడు, తను వరండా వెలుతురులో కూర్చుని చూసింది. కూర్చున్న చోటు మనిషి నోరు ఎలా కుట్టేస్తుందో అప్పుడు అర్థమైంది. ఏడుపు వచ్చింది. ఏడ్చింది కూడా, దాచడం దేనికి.

తర్వాత మొహం కడుక్కొని షెడ్డుకి వెళ్ళి, కత్తిరింపు మాస్టరు దగ్గర గజం బద్ద అడిగింది. ఆయన మళ్ళీ అసెంబ్లీయా అని సణిగాడు, మళ్ళీ ఇచ్చాడు. బల్ల దగ్గరికి వచ్చి కోడలి ముందు నిలబడింది.

"రా, మీ సందు చూపించు."

ఇద్దరూ వెళ్ళారు. మలుపు దగ్గర బద్దని అడ్డంగా పెట్టబోతే రెండు గోడల మధ్య పట్టలేదు, ఏటవాలుగా వంచాల్సి వచ్చింది. గోడ మీద మంచం కోడు గీసిన గీత ఇంకా ఉంది. ఆ గీత మీద ఆమె వేలు పెట్టి చూసింది. చివరి ఇంట్లో వియ్యపురాలు ఎడమచేత్తో గుమ్మం తలుపు తీసి, లోపలికి రమ్మంది. అప్పటిదాకా అక్క ఆ ఇంటికి పెళ్ళి మాటలకి వచ్చింది, పెళ్ళికి వచ్చింది. సందుని మాత్రం ఎప్పుడూ చూడలేదు. కళ్ళెదురుగా ఉన్నదాన్ని చూడడానికి కోడలు వేలెత్తి చూపాల్సి వచ్చిందే అని ఆమె చాలాసార్లు చెప్పుకుంటుంది ఇప్పుడు.

సమావేశం ఆ బడిలోనే జరిగింది, మెరక మీది బడిలో. హాలు కిటకిటలాడింది. బల్ల వాళ్ళందరూ ఒకే బెంచీ వరస మీద కూర్చున్నారు. ఇంజనీరు ఈమెని ఎరుగును కాబట్టి ముందు మీరు మాట్లాడండి అన్నాడు. కాజాల అక్క లేచింది. మా దగ్గర ఒక పద్ధతి ఉంది, చిన్నవాళ్ళు ముందు మాట్లాడతారు, మధ్యలో నేనే దాన్ని పాడుచేశాను అని అందరూ వినేలా చెప్పింది. చెప్పి కూర్చుంది. కొత్తమ్మాయి లేచి మంచం సంగతి చెప్పింది. సందులో వాళ్ళు మరో ముగ్గురు ధైర్యం తెచ్చుకొని తమ తమ మంచాల సంగతులు చెప్పారు. చివర అక్క మళ్ళీ లేచి గజం బద్ద కొలత చెప్పింది. వరండా పోతే తనకి ఏం పోతుందో అదీ చెప్పింది, ఏమీ దాచలేదు.

చేతులెత్తమన్నారు. సందు వెడల్పు చెయ్యాలని బల్ల వాళ్ళలో ఏడు చేతులు లేచాయి. అక్క చెయ్యి, కోడలి చెయ్యి అందులో ఉన్నాయి. వద్దని అయిదు లేచాయి. ఆ అయిదింటిలో రేడియో చెయ్యి అందరికంటే ఎత్తుగా లేచింది. హాలు మొత్తం మీద వెడల్పు చెయ్యాలన్న చేతులే ఎక్కువ. బయటికి వచ్చాక రేడియో ఆమె దగ్గరికి వచ్చి, నాకు వరండా కావాలక్కా, లేనిది ఉన్నట్టు ఎందుకు ఎత్తను చెయ్యి అంది. కాజాల అక్క ఆమె భుజం తట్టింది. ఆ రోజు ఆమెకి గెలిచినదాని కంటే ఆ అయిదు చేతులే ఎక్కువ ముచ్చటేశాయి. ఎన్నేళ్ళయిందో ఆ బల్ల దగ్గర ఒక చెయ్యి ఇంకో చేతికి ఎదురు లేచి!

నెలన్నరలో వరండా కూలగొట్టారు. ఆ దుమ్ములో నిలబడి చూస్తూ పన్నెండు మందీ కొంగులు కళ్ళకి అడ్డం పెట్టుకున్నారు. దుమ్ముకే అని చెప్పుకున్నారు. బల్ల లోపలికి వచ్చింది. షెడ్డులో మంచి వెలుతురున్న కిటికీ ఒక్కటే, దాని దగ్గర కత్తిరింపు మాస్టరు బల్ల ఉండేది. ఆయన తన బల్లని చీకటి వైపుకి జరిపించి, తనకో పెద్ద బల్బు పెట్టించుకున్నాడు. ఎవరూ అడగలేదు. థాంక్స్ చెప్పబోతే మీ గోల దగ్గరగా వింటే గాని నిద్ర రాదు నాకు అన్నాడు.

ఇక మిగిలింది మిషన్ల రొద. దానికి ఏం చెయ్యాలో బల్ల వాళ్ళకి తోచలేదు. మిషన్ల మీద కూర్చునేవాళ్ళకే తోచింది. వాళ్ళు ఇన్నేళ్ళూ వరండా వైపు చెవులు రిక్కించి ఏమీ వినపడక ఊరుకున్నవాళ్ళే. దారాలు కత్తిరించే పని, బాబిన్లు చుట్టే పని ఆ గంటకి దాచుకుంటామన్నారు. ఇప్పుడు రోజూ ఆ గంటలో మిషన్లు ఆగుతాయి, రేడియో నిలబడి చదువుతుంది, ముప్ఫై నాలుగు మంది వింటారు. వరస చిన్నవాళ్ళ నుంచే. ఈ మధ్య కొత్తగా చేరిన ఒకమ్మాయి 'మా అన్నయ్య అంటాడు' అని మొదలుపెట్టింది. కొత్తమ్మాయే తలెత్తకుండా అది ఏమో కింద లెక్క అంది. కాజాల అక్క గుడ్డలో మొహం పెట్టుకొని నవ్వుకుంది.

మొన్నొక రోజు రేడియో ఒక కబురు చదివింది. వెడల్పయిన సందులో కూరగాయల బళ్ళు చేరాయట, అంబులెన్సుకి అడ్డమని వాటిని తీయించాలని కౌన్సిలు అంటోందట. వరస మొదలైంది. ఒకామె తమ్ముడికి అక్కడే బండి ఉంది, తీస్తే ఎలా బతుకుతాడంది. కొత్తమ్మాయి మంచం మరిచిపోయారా అంది. ఇంకొకామె పొద్దున బళ్ళు, మిగతా పూట దారి అంది. మాస్టరు కూడా చీకట్లోంచి ఒక మాట విసిరాడు. ముప్ఫై మూడు మాటలయ్యాయి. ఏ రెండూ ఒక్కటి కాదు, ఏదీ తీసిపారేసేది కాదు. చివర కాజాల అక్క వంతు వచ్చింది.

ఆమె సూది ఆపి చాలాసేపు ఆలోచించింది. అందరి మొహాలూ చూసింది.

"ఏమో," అంది.

షెడ్డంతా ఒక్క క్షణం బిత్తరపోయి, ఒక్కసారిగా గొల్లున నవ్వింది. ఆమె మాత్రం చాలా హుందాగా ఇంకో కాజా మొదలుపెట్టింది. సాయంత్రం మిషన్లు ఆగాక కోడలు అలవాటుకొద్దీ చీపురు వైపు వెళ్ళింది. అత్తగారు అప్పటికే కొంగు బిగించి చీపురు పట్టుకొని నిలబడి ఉంది.

"ఇవ్వండి అత్తయ్యా, ఇప్పుడు వరండా కాదు, షెడ్డంతా ఊడవాలి."

"తెలుసులే. ఇవాళ ఇది నాది. నువ్వు జరుగు."

కిటికీ దగ్గర మొదలుపెట్టి, మిషన్ల కిందంతా వంగి వంగి, మాస్టరు బల్ల దాకా ఊడ్చింది. ముప్ఫై నాలుగు మంది దారపు ముక్కల్లో ఒక్కటి వదల్లేదు.